ముగ్గురి పొత్తు కారు

నేను కొత్త కారు కొన్నానని ఎవరో చేరవేస్తే, రాబియత్త మనవడి ఫోన్‌లో నన్ను పిలిచింది. "బండి కొన్నవట. తీస్కరా బిడ్డా, జర జూస్త" అంది. నేనెలా ఉన్నానో అడగలేదు. ఆమె తీరే అంత. ఎనభై దాటిన మనిషి, మోకాళ్ళ నొప్పులతో గడప దిగడమే కష్టమైన మనిషి, కారు మాట వింటే మాత్రం కళ్ళజోడు వెతుక్కుంటుంది. ఆ ఆదివారం హన్మకొండ నుంచి బయలుదేరి ధర్మసాగర్ రోడ్డులో ఉన్న వాళ్ళింటికి వెళ్ళాను. నాది కాలేజీలో పాఠాలు చెప్పడం మానేశాక కొనుక్కున్న చిన్న కారు, గేర్లు దానంతటదే మార్చుకునే రకం. నేనింకా దిగనే లేదు, మనవడు ఇమ్రాన్ బయటికొచ్చి కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. వాడు ఇంటి నుంచే ఏదో కంపెనీ పని చేస్తూ, సెలవు రోజుల్లో మామూలు జనం నడిపే మామూలు కార్ల మీద వీడియోలు తీసి పెడుతుంటాడు. "తెల్లదే కొన్నరా ఆంటీ? అందరు గంతే. మళ్ళ అమ్మితే మంచి రేటు వస్తదని తెల్లది కొంటరు. కొనేటప్పుడే అమ్ముడు గురించి ఫికర్ జేస్తే ఇగ నడుపుడెప్పుడు?" అన్నాడు. సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు ఇంకా తీయలేదని ఒక చీవాటు, పక్క అద్దాలు తప్పుగా పెట్టుకున్నానని ఇంకొకటి. "గిట్ల పెట్టుకుంటే మీ కమ్మలు మీకు కనబడ్తయి, వెనక లారీ కనబడది." నిజమే. చూసుకుంటే నా చెవి దిద్దులు చక్కగా కనిపిస్తున్నాయి.

రాబియత్త మనవడి భుజం పట్టుకుని మెల్లగా వచ్చి, నడిపేవాళ్ళ సీట్లో కూర్చుంటానంది. కూర్చుని, చెప్పులు విడిచి, ఒట్టి పాదాలతో కింద తడిమింది. "క్లచ్ ఏది బిడ్డా?"

"లేదత్తా. దీనికుండదు."

"మరి ఎడమ కాలు ఏం జేస్తది?"

"ఏం జేయదు. ఖాళీగ కూసుంటది."

ఆమె కాసేపు ఆలోచించింది. "అయితే ఇది సగం మనిషి నడిపే బండి" అని తీర్పు చెప్పి దిగిపోయింది. ఇమ్రాన్ అప్పటికే ఫోన్ తీసి, ఆ మాట మళ్ళీ ఒకసారి చెప్పమని ఆమె వెంట పడ్డాడు. నేను మాత్రం ఆ ఒట్టి పాదాల దగ్గరే ఆగిపోయాను. మా పొత్తు కారు గుర్తుకొచ్చింది.

పొత్తు అంటే ఇప్పటి పిల్లలకు విడమర్చి చెప్పాలి. మా పెద్దవాళ్ళ ఊళ్ళలో ఒక బావి మీద మూడు నాలుగు కుటుంబాలు బతికేవి. ఈ పూట నీ మడికి, రేపు నా మడికి అని నీళ్ళను వంతులేసుకునేవారు. మా నాయిన, యాకూబ్ మామ, మల్లారెడ్డి కాక ముగ్గురూ అలాంటి ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళే. కారు కొనాలని ముగ్గురికీ పిచ్చి, ఎవరికీ ఒంటరిగా కొనే తాహతు లేదు. అందుకని బావిని పంచుకున్నట్టే ఒక పాత అంబాసిడర్‌ను పొత్తులో కొన్నారు. వారం ఒకరిది, ఎవరి తర్వాత ఎవరన్నది అవసరాన్ని బట్టి. నాయిన నీళ్ళ ఆఫీసులో పనిచేసేవాడు, తన వారంలో ధర్మసాగర్ చెరువు దాకా పోయి రావడం ఆయన సంబరం. మల్లారెడ్డి కాకకు తొర్రూరు దగ్గర పత్తి చేను, పిల్లల చదువుల కోసం హన్మకొండలో ఇల్లు. యాకూబ్ మామది జంపఖానాల వ్యాపారం. కొత్తవాడ మగ్గాల మీద నేసినవి మూటలు కట్టి పల్లెల్లో అమ్మేవాడు. యాకూబ్ మామను నాయిన బావ అనేవాడు, రాబియత్తను చెల్లె అనేవాడు. అలా వాళ్ళు నాకు అత్తామామలయ్యారు.

కారు మా ఇంటికి వచ్చే రోజు అమ్మ వాకిలి రెండుసార్లు ఊడ్చేది. ఒకటి ముగ్గు కోసం, ఇంకొకటి కారు కోసం. కారు రాగానే నాయిన నడిపే సీట్లో కళ్ళు మూసుకుని కాసేపు కూర్చునేవాడు. ఆ వారం బండి ఏమేం అనుభవించిందో కనిపెడుతున్నాడని మేం కదలకుండా నిలబడాలి. నాకైతే కనిపెట్టడానికి ముక్కు చాలు. మల్లారెడ్డి కాక వారం దాటి వస్తే వెనక డిక్కీలో పత్తి మందు వాసన, సీటు సందుల్లో పల్లికాయ పొట్టు. యాకూబ్ మామ వారం దాటి వస్తే కొత్త నూలు వాసన, లవంగాల వాసన. మా వారం తర్వాత ఏ వాసన వస్తుందని ఒకసారి రాబియత్తను అడిగాను. "మీ అమ్మ తాలింపుల ఏసే ఇంగువ" అంది. ఆ రోజంతా నా ఓణీ కొంగు నేనే వాసన చూసుకుంటూ తిరిగాను.

ఆదివారం పొద్దున ముగ్గురూ మా అరుగు మీద చేరేవారు. చాయ్ మీద చాయ్. మాటంతా కారు నడిపే తీరు మీదే. నాయినది పెట్రోలు పొదుపు మతం. ధర్మసాగర్ కట్ట దిగుడులో ఇంజను బంద్ చేసి, న్యూట్రల్‌లో వదిలేసి, కారు దానంతటది జారుతుంటే దేవుడు కనిపించినట్టు మురిసిపోయేవాడు. "గది కారు నడుపుడు కాదు అన్నా, రాయిని దొర్లిచ్చుడు" అని మల్లారెడ్డి కాక గయ్యిమనేవాడు. కాక కారును ట్రాక్టరు లాగా నడిపేవాడు. చెయ్యి గేరు కడ్డీ మీద నుంచి తీసేవాడు కాదు. మనిషి కనిపించినా, మేక కనిపించినా, ఖాళీ రోడ్డు కనిపించినా హారన్ కొట్టేవాడు. "చప్పుడు చేయకుంట పక్కకెళ్ళి పోతే ఎదుటోన్ని లెక్కచేయనట్టు గాదా?" అనేది ఆయన సిద్ధాంతం. అమ్మ చాయ్ గ్లాసులు తీసుకుపోతూ, "పిల్లల చదువుల మీద గింత పంచాయితి చేస్తే ఈపాటికి కలెక్టర్లయిదురు" అనేది. ఆ అరుగు మీద కారు గురించి మాట్లాడే హక్కు నడిపేవాళ్ళకే. ఒకసారి వాళ్ళ దోస్తు ఒకాయన నాలుగో వాటాకు వస్తానన్నాడు, తనకు నడపడం రాదు, డ్రైవర్ను పెట్టుకుంటానన్నాడు. అందరికంటే ముందు కాదన్నది యాకూబ్ మామే. "డ్రైవర్ను పెట్టుకునేటోనికి కారెందుకు బావా, టాక్సీ చాలు. నడిపేటోనికే వంతు" అన్నాడు. ఆ మాట ముగ్గురికీ చట్టమైపోయింది.

అటువంటి అరుగు మీద అందరూ ఒప్పుకున్న గొప్పతనం ఒక్కటే, యాకూబ్ చెయ్యి. ఆయన వారం తర్వాత కారు మారిపోయి వచ్చేది. క్లచ్ మెత్తగా, గేర్లు వెన్నలో కత్తి దిగినట్టు పడేవి. బ్రేకు ఎక్కడా గుంజేది కాదు. "ఏం జేస్తానవ్ బావా దానికి?" అని నాయిన బతిమిలాడేవాడు. మామ తొందరపడకుండా గడ్డం నిమురుకుంటూ ఒక్కొక్క రహస్యమే చెప్పేవాడు. ఆయన నడిపే సీటు మీద ఎప్పుడూ ఒక జంపఖానా మడత ఉండేది. ఎందుకంటే, "నూలు గుడ్డ అదురును తాగుతది. నడుముకు అదురు తెల్వకపోతే చెయ్యి నిమ్మళంగ ఉంటది" అన్నాడు. మర్నాటి నుంచి నాయిన కింద ఒక మడత, కాక కింద ఒక మడత. కాక ఆరడుగుల మనిషి. ఆ ఎత్తు మీద కూర్చుంటే గుంత వచ్చినప్పుడల్లా తల టాపుకు ఠంగుమని తగిలేది. అయినా తీయలేదు. ఇంకోసారి మామ, "చెప్పులిడిచి నడపాలె. తోలుకేం తెలుస్తది, క్లచ్ యాడ పట్టుకుంటదో పాదానికి తెలుస్తది" అన్నాడు. కాక గుళ్ళోకి పోయినట్టు చెప్పులు మా గేటు ముందే విడిచి, కారెక్కి తొర్రూరు పోయాడు. అక్కడ మార్కెట్లో, మిట్ట మధ్యాహ్నం, కాలే సిమెంటు మీద దిగేదాకా చెప్పులు హన్మకొండలో ఉన్నాయని ఆయనకు గుర్తు రాలేదు. సాయంత్రం తిరిగొచ్చి వాటిని తొడుక్కుంటూ, "ఏదేమైన క్లచ్ మాత్రం మస్తు తెలుస్తాంది" అన్నాడు.

ఆ చెయ్యికి పేరొచ్చిన ఏడాది మాకెవరికీ తెలియని సంగతి ఒకటుంది. యాకూబ్ మామ చూపు పోతోంది. ఎదురుగా ఉన్నది బాగానే కనిపించేది, పేపరు చదివేవాడు, జంపఖానా అంచులో ఒక పోగు తప్పినా పట్టేసేవాడు. పక్కలవి మాత్రం కనిపించేవి కావు. ఆయన మెడంతా తిప్పి మనిషిని చూస్తుంటే మేం దర్జా అనుకున్నాం. హైదరాబాదులో కంటి దవాఖానకు పోతే, పోయిన చూపు తిరిగి రాదని, బండి మాత్రం ముట్టొద్దని చెప్పారట. ఆ మాట బయటికొస్తే తను పెట్టిన చట్టం ప్రకారమే తన వంతు పోతుంది, అరుగు మీద తన మాట పోతుంది. అందుకని నోరు కుట్టేసుకున్నాడు. రాబియత్త పుట్టిల్లు ములుగు. ఆమె అన్నలు అడవి ఊళ్ళకు జీపులు తిప్పేవాళ్ళు, పెళ్ళికి ముందే ఆమె జీపు నేర్చుకుంది. ఇల్లు ఊరి చివర కాబట్టి, మామ వారంలో పొద్దు పొడవకముందే మూటలేసుకుని ఇద్దరూ పల్లెల వైపు పోయేవారు. నడిపేది ఆమె, పక్కన కూర్చునేది ఆయన. కారు ఎవరి వారం అయిపోతే వాళ్ళు తెచ్చి అప్పగించడం మా రివాజు. మామ దాన్ని నెమ్మదిగా మార్చేశాడు. "మీరే వచ్చి తీస్కపోండ్రి, మీ చెల్లె సమోసాలు చేస్తాంది" అనేవాడు. ఆ కీమా సమోసాల కోసం నాయిన పరిగెత్తేవాడు. ఆ ఏడాదిలో మామ నడపగా ఎవరూ చూడలేదన్న ఆలోచన ఆ సమోసాలు తిన్నవాళ్ళలో ఎవరికీ రాలేదు.

ఆ గుట్టు ములుగులో బయటపడింది. రాబియత్త తమ్ముడి పెళ్ళి విందుకు అందరం పోయాం. అమ్మకు జ్వరం వస్తే ఆమె బదులు నేను వెళ్ళాను. కారులో నాయిన, కాక, మామ, అత్త, నేను. నాయిన వారం కాబట్టి పోయేటప్పుడు ఆయనే నడిపాడు. విందు తిన్నాక, తిరిగి బయలుదేరే వేళకు, నాయిన కడుపు మీద చెయ్యేసుకుని తాళంచెవి మామకిచ్చాడు. "బావా, ఇది నీ అత్తగారి ఊరు. ఈ అడివి రోడ్డు మీద ఇయ్యాల నువ్వే నడపాలె. ఏడాది సంది నీ చెయ్యి గురించి ఇంటానం, ఒక్కసారి కండ్ల జూస్తం" అన్నాడు. కాక చప్పట్లు కొట్టాడు. పెళ్ళివారి పిల్లలందరూ చుట్టూ మూగారు. మామ నవ్వి తాళంచెవి షేర్వానీ జేబులో వేసుకున్నాడు. టైర్లు తన్ని చూశాడు. మంచినీళ్ళు అడిగి తాగాడు. "రేడియేటర్ల నీళ్ళు జూడుండ్రి" అని బానెట్ లేపించాడు. ఆయన స్టీరింగ్ పట్టుకుంటే ఐదుగురి ప్రాణాలు, పట్టుకోనంటే ఆయన పరువు. అప్పుడు నాకదేం తెలియదు. నాయిన, కాక, నేను రేడియేటర్‌లోకి తొంగి చూస్తున్నాం. బానెట్ చాటున అటువైపు మామ, అత్త ఏదో మాట్లాడుకుంటున్నారు, మాటలు వినపడలేదు. నాయిన బానెట్ దించేసరికి రాబియత్త నడిపే సీట్లో కూర్చుని ఉంది. మామ తలుపు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"బావా, నాకు కండ్లు కనబడ్తలేవు" అన్నాడు మామ. "పక్కకు ఏమున్నదో తెలుస్తలేదు. ఏడాది సంది మీరు మెచ్చుకునే చెయ్యి ఈమెది."

మల్లారెడ్డి కాక, కారెక్కేందుకు చెప్పులు విడిచిన తన ఒట్టి కాళ్ళ వైపు చూసుకున్నాడు. మెల్లగా అడిగాడు. "మరి గా జంపఖానా?"

"ఆమె పొట్టిది బావా. మడత లేకపోతే రోడ్డు కనబడది."

"ఓరి నీ... నా తల బొప్పి కట్టిపాయె గదరా!" అన్నాడు కాక. నాయిన నవ్వబోయి మామ ముఖం చూసి ఆపుకున్నాడు. అంతలో కారులోంచి రాబియత్త గొంతు వచ్చింది. "ఎక్కుతరా, బస్సుకొస్తరా?"

ఎక్కాం. మామ ముందు సీట్లో ఆమె పక్కన, మేం ముగ్గురం వెనక. అడవి మలుపులో వెదురు లారీ ఒకటి ఎదురైంది. అత్త హారన్ కొట్టలేదు, గాభరా పడలేదు. గేరు దించి, ఎడమ చక్రాలు మట్టిలోకి దించి, లారీ పోయేదాకా ఆగి, మళ్ళీ తారు మీదికి ఎక్కించింది. కుదుపన్నదే తెలియలేదు. అక్కడితో నాయిన ఆగలేకపోయాడు. "చెల్లె, ఫస్టుల పడకుంట సెకండ్లనే ఎట్ల లేపినవ్?" అని ముందుకు వంగాడు. ఆమె చెప్పింది. కాదు, అట్ల చేస్తే ఇంజను నొస్తుందని కాక. నొచ్చేది మీ హారన్‌కు చెవులని ఆమె. ఊరు చేరేదాకా అదే పంచాయితీ. ఆమెను ఎవరూ జాలిగా చూడలేదు, మామనూ చూడలేదు. వాళ్ళకు జాలిపడే తీరిక లేదు, అడగాల్సినవి అన్ని ఉన్నాయి. ఊరి దీపాలు కనిపిస్తుండగా కాక గొంతు సవరించుకుని అన్నాడు. "నడిపేటోనికే వంతు అన్నది యాకూబే. గా లెక్కన వంతు చెల్లెది."

"అంతే" అన్నాడు నాయిన. మామ కూడా నవ్వాడు. ఆ నవ్వు నాకు బాగా గుర్తుంది.

ఆ కారు ఇంకొన్నేళ్ళు మూడిళ్ళ మధ్య తిరిగింది. తర్వాత ఎవరికి వాళ్ళు కొనుక్కున్నారు, దాన్ని అమ్మేశారు. ముగ్గురు మగవాళ్ళూ ఇప్పుడు లేరు. నా కొత్త కారు నేను ఎన్నిసార్లు గట్టిగా బ్రేకు వేశానో తెర మీద బొమ్మ వేసి చూపిస్తుంది, పొదుపుగా నడిపానని మెచ్చుకుంటుంది కూడా. అందులో నేను తప్ప ఇంకొకరు నడిపిన గుర్తే ఉండదు. మా అబ్బాయి వస్తే తన కారులో వస్తాడు, కోడలు తన కారులో వస్తుంది, మా వీధిలో మూడూ నిలబెట్టే చోటు లేక పక్కింటివాళ్ళతో తగువు. అప్పుడు తగువులు లేవని కాదు, వారానికొకటి ఉండేది. కానీ ఇంకొకరి క్లచ్ ఎలా ఉందో కాలికి తెలిసేది, ఇంకొకరి ఇల్లు ముక్కుకు తెలిసేది. ఇమ్రాన్ వీడియోల కింద వందలమంది అభిప్రాయాలు రాస్తారట, వాళ్ళలో ఒక్కరు కూడా వాడి కారు నడిపి చూడలేదట. వాడికి ఆ పొత్తు సంగతి ఎంత చెప్పినా తనివి తీరలేదు. పెట్రోలు ఎవరు పోయించేవారు, పంక్చరైతే ఎవరిది, సొట్ట పడితే ఎలా అని ఒకటే ప్రశ్నలు.

వాడి ప్రశ్నలు అయ్యాక నాకూ ఒకటి మిగిలింది. ఆ ములుగు కథను నేను చాలామందికి చెప్పాను. తరగతి గదుల్లో చెప్పాను, మా పిల్లలకు చెప్పాను. ప్రతిసారీ అది యాకూబ్ మామ కథే. అంతమంది ముందు పరువు పక్కన పెట్టి భార్య చేతిలో తాళంచెవి పెట్టిన పెద్దమనసు కథ. అందుకే చాయ్ తాగుతూ అడిగాను. "అత్తా, మామ ఆ రోజు నీకు చావి ఇచ్చినప్పుడు ఏమనిపించింది?"

"ఎవరిచ్చిండ్రు?" అంది రాబియత్త.

నాకు అర్థం కాలేదు. ఆమె గ్లాసు కింద పెట్టింది.

"బానెట్ చాటుకు నా చెవుల ఏమన్నడో తెలుసా? తలనొస్తాంది అని చెప్త, మీ అన్ననే నడపమంట అన్నడు. నేనే ఆయన జేబుల చెయ్యి పెట్టిన. చావి గుంజుకొని పొయ్యి కూసున్న. ఇగ ఆయనకు చెప్పక తప్పుతదా?"

"కోపమొచ్చిందా అత్తా?"

"రాదా మరి? మంచోడే బిడ్డా. నన్ను ఒక్క మాట అనెటోడు కాదు. గాని ఏడాది సంది మీ నాయిన, మల్లారెడ్డన్న మా ఇంట్లనే, నా సమోసలే తినుకుంట, యాకూబ్ చెయ్యి, యాకూబ్ చెయ్యి అంటాండ్రు. ఆయన గడ్డం దువ్వుకుంటాండు. మొదట్ల నవ్వొచ్చేది. ఆయన పరువు నిలబడ్తాంది గద అని ఖుషీ గూడ అయిన. పోను పోను నా పానం ఊకోలే. ఒక్కపారన్న నా దిక్కు జూస్తడేమో అని పక్కకే నిలబడేదాన్ని. జూడకపోయేటోడు. పక్క చూపు లేదు గద, కనబడ్తలేనేమో అని నాకు నేనే చెప్పుకునేదాన్ని."

ఇన్నేళ్ళుగా నేను కూడా ఆ అరుగు మీది మనిషిలాగే ఆమె సంగతిని ఆయన పేరు మీద చెప్పుకుంటూ తిరిగాను. ఏడుపొచ్చింది, మామ మీద ప్రేమ మాత్రం తగ్గలేదు. ఇమ్రాన్ ఫోన్ పక్కన పెట్టేసి దాదీ కాళ్ళ దగ్గర కూర్చున్నాడు.

"మరి తర్వాత వాళ్ళు ఏమనేటోళ్ళు దాదీ?"

"రాబియా చెయ్యి అన్నరు. మల్లారెడ్డన్న కారు దిగకముందే అన్నడు. ఈమె నాయిన మర్నాడు ఇంటికొచ్చి మరీ అన్నడు." ఆమె చున్నీ తల మీదికి సర్దుకుంది. "మీ తాత గూడ అన్నడు. అందరికన్న ఆఖరుకు అన్నడు."